గట్టు మీద ఎవరు, నీళ్లలో ఎవరు

కాళ్లు చూసుకుని నడవండి. మంచు కురిసి గట్టు జారుతోంది. ఎడమ పక్క చెరువు, కుడి పక్క బోదె, రెండూ లోతే. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు వదిలి ఈ మట్టిదారి పట్టాం, ఇంకా తెల్లవారలేదు. ముందు జనరేటరు రొద వినిపిస్తుంది. కాస్త దగ్గరికెళితే మనుషుల కేకలు, నీళ్ల చప్పుడు. చెరువులో వరసగా పాతిన కర్రలకు సంచులు వేలాడుతున్నాయి చూడండి. మామూలు రోజుల్లో వాటి నిండా తవుడుంటుంది. అడుగున చిల్లులు పెడతారు, చేపలు కిందనుంచి వచ్చి పొడుచుకు తింటాయి. ఇవాళ సంచులు ఖాళీ. ఇవాళ పట్టుబడి.

లైటు వెలుగు పడేచోట నిలబడదాం. రొమ్ముల లోతు నీళ్లలో ముప్పై మందికి పైగా ఉన్నారు, వల అంచు చేతుల్లో పట్టుకుని. వల దగ్గరపడేకొద్దీ చెరువు ఆ మూల కుతకుత ఉడుకుతున్నట్టు కదులుతోంది. పెద్ద తలవి బొచ్చెలు. కాస్త సన్నగా, రెక్కల దగ్గర ఎర్రజీరతో ఉన్నవి శీలావతులు. చేతులు మారుతూ ప్లాస్టిక్ ట్రేలు గట్టెక్కుతున్నాయి. కాటా, ఐసు, లారీ. ఈ సరుకు బెంగాల్లోనో అస్సాంలోనో దిగుతుంది.

ఇప్పుడు చేపల మీంచి చూపు తిప్పి మనుషులను చూడండి. మిమ్మల్ని తీసుకొచ్చింది అందుకే. గట్టు మీద కాటా దగ్గర నిలబడ్డది వ్యాపారి తాలూకు మనిషి. టన్నుకి ఎంత తరుగు తీయాలో చెప్పేది అతనే. పక్కన పుస్తకం పట్టుకున్నది లీజుదారు గుమస్తా. ప్లాస్టిక్ కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్నది సొసైటీ ప్రెసిడెంటు గారు. నీళ్లలో ఉన్నవాళ్లలో చాలామంది ఈ సొసైటీ సభ్యులు. కాగితం ప్రకారం చెరువు వాళ్లది. ఇవాళ వాళ్లకొచ్చేది వల లాగినందుకు రోజు కూలి.

ఇది కొల్లేరు అభయారణ్యానికి హద్దుగా పెట్టిన ఎత్తు గీతకు, అంటే ఐదో కాంటూరుకు, బయటున్న చెరువు; చట్టం ప్రకారం ఇక్కడ సాగు తప్పు కాదు. సొసైటీ పేరు చెప్పను. ఒక్క సొసైటీ కథే అయితే ఇంత చలిలో మిమ్మల్ని ఇక్కడిదాకా నడిపించేవాణ్ని కాదు.

టీ వచ్చింది, తాగండి. ఈ చెరువుల పుట్టుక చెబుతాను. 1970ల మధ్యలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, కొల్లేటి జనానికి ఏదైనా బతుకుదెరువు చూపాలన్న ఆలోచన వచ్చింది. సరస్సు అడుగున వేసిన వరి తుఫాన్లకీ వరదలకీ నిలవట్లేదు. అప్పుడు ప్రభుత్వమే చెరువులు తవ్వించి, మత్స్యకారులతోనూ చిన్న రైతులతోనూ సహకార సంఘాలు పెట్టించి వాళ్ల చేతికిచ్చింది. ఒక్కో సభ్యుడికి ఒక్కో ఓటు, ఏటా సర్వసభ్య సమావేశం, లెక్కలకి ఆడిట్. 1964 నాటి సహకార చట్టం రాసిపెట్టిన పద్ధతి అది. నీతిగల సంస్థ ఎలా ఉండాలో పాఠంగా చెప్పమంటే ఈ నియమావళినే చదివి వినిపించవచ్చు.

మరి ఈ గట్టు మీద కుర్చీ ఎక్కడినుంచి వచ్చింది? చేపల పెంపకానికి పిల్ల కావాలి, మేత కావాలి, ఎనిమిది పది నెలలు చేతి డబ్బు పెట్టి ఆగగలగాలి. చెరువిచ్చిన ప్రభుత్వం ఆ డబ్బు సంగతి చూడలేదు. డబ్బున్నవాడు ఊరి బయటినుంచి వచ్చాడు. మొదట అప్పిచ్చాడు, తర్వాత లీజుకడిగాడు. 1980ల తర్వాత ఇది కొల్లేరంతా పాకింది. సంఘం పేరు గోడ మీద అలాగే ఉంది, తీర్మానాల పుస్తకంలో వేలిముద్రలు క్రమం తప్పకుండా పడుతూనే ఉన్నాయి.

సరిగ్గా ఆ కాలంలోనే, 1974లో, అమెరికాలో క్రిస్ ఆర్గిరిస్, డొనాల్డ్ షాన్ అనే ఇద్దరు ఒక పుస్తకం రాశారు. ప్రతి మనిషికీ రెండు సిద్ధాంతాలుంటాయన్నారు. ఒకటి అడిగితే చెప్పేది. రెండోది అతని పనుల్ని చూసి మనం తెలుసుకోవాల్సినది. ఈ రెంటికీ మధ్య ఎడం చాలాసార్లు ఆ మనిషికే తెలియదంటారు వాళ్లు, నాకు అక్కడే గుచ్చుకుంది. ఆ కుర్చీలో కూర్చున్నాయన్ని ఇప్పుడు వెళ్లి అడగండి. “సొసైటీ అందరిదీ అండి” అంటారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అంటారు.

తెల్లారింది, పదండి. పెదయడ్లగాడి వంతెన మీదుగా వెళ్లి, అవతల పడవెక్కుదాం. మధ్యాహ్నానికి ఒక లంక ఊరు చేరతాం, సాయంత్రం మళ్లీ ఈ సొసైటీ వాళ్లతోనే కూర్చోవాలి.

వంతెన మీద ఒక్క నిమిషం ఆగండి. బుడమేరు, తమ్మిలేరు, డెల్టా మురుగు కాలువలు అన్నీ వచ్చి చేరేది ఈ పళ్లెంలోనే. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు కూడా ఇక్కడికే వచ్చాయి. ఆ నీటికి అడ్డంగా లేచే ప్రతి గట్టూ ఎవరో ఒకరి ఇంట్లోకి నీరు పంపుతుంది. కొల్లేట్లో నాయకత్వం గురించి మాట్లాడేవాళ్లు ఇది మర్చిపోకూడదు. ఇక్కడ ఒక సంస్థ తీసుకునే నిర్ణయం దాని సభ్యుల దగ్గర ఆగదు.

పడవ కదిలింది. కిక్కిస గడ్డి మధ్యనుంచి సన్నటి దారి. గుర్రపుడెక్క అడ్డమొచ్చిన చోట పడవవాడు ఇంజను ఆపి గెడ వేస్తున్నాడు. దూరంగా తెల్లగా కనిపించేవి గూడబాతులు, ఆటపాక వైపునుంచి మేతకొస్తాయి. కుడి చేతివైపు చూడండి, నీళ్లలోంచి మట్టిదిబ్బలు ఒక వరసలో తేలుతున్నాయి. తెగిన గట్లు అవి.

1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో చేరింది. చెరువులు మాత్రం పెరుగుతూనే పోయాయి. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ గట్టిగా పట్టుకున్నాక, 2006 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ‘ఆపరేషన్ కొల్లేరు’ నడిచింది. యంత్రాలు దిగాయి. లొంగని గట్లను డైనమైట్ పెట్టి పేల్చారు. పోలీసు పహరా, ఊళ్ల ఏడుపులు. గట్లు తెగాక నీరు ఒక్కసారిగా విప్పారిందని ఈ పడవవాడి తండ్రి చెప్పేవాడట.

ఆ పని చేయాల్సిందే. చట్టం అమలైంది, సరస్సుకు ఊపిరాడింది. అది తప్పని అనేవాళ్లతో నేను ఏకీభవించను. అయినా కొన్నేళ్లకే చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఎందుకు? రొనాల్డ్ హైఫెట్జ్ అని వైద్యం చదివి తర్వాత హార్వర్డులో నాయకత్వం బోధించినాయన 1994లో ఒక తేడా చెప్పాడు. కొన్ని సమస్యలను తెలిసిన పనిముట్టుతో సరిచేయవచ్చు. కొన్నింటిని, ఆ సమస్యలో బతుకుతున్నవాళ్లు తమ అలవాట్లనూ నమ్మకాలనూ మార్చుకుంటే తప్ప సరిచేయలేం. రెండోరకం సమస్యకు మొదటిరకం మందు వేయడమే పెద్దల వైఫల్యం అంటాడు. డైనమైటు గట్టును తెంచగలదు. లీజు డబ్బుకు అలవాటుపడ్డ ఊరికీ, పెట్టుబడిదారుకీ, ఓట్ల కోసం వచ్చే నాయకుడికీ మధ్య ముడిని విప్పే పని అప్పుడు ఎవరూ నెత్తినెత్తుకోలేదు. 2008లో రాష్ట్ర శాసనసభ హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరే ఉండాలంది. వాదన అక్కడే తిరుగుతోంది. కాంటూరు లోపల ఉన్న మనిషికి చేపల వేట మీద గౌరవంగా బతికే దారి ఏదన్న ప్రశ్న వెనకబడిపోయింది.

ఇదిగో ఊరు. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకోండి. రేవులో తాటిదోనె తోస్తున్న పెద్దాయన దగ్గర వెదురుపుల్లలతో అల్లిన మావులున్నాయి. సంప్రదాయ పద్ధతిలో చేసే వేటకి అభయారణ్యంలో అభ్యంతరం లేదు. నాలుగు మట్టగిడసలు, ఒక కొర్రమీను. “ఇంతేనా బాబాయ్?” అని అడిగితే, “ఇయ్యాలకి ఇదే ఎక్కువండి” అన్నాడు.

ఇలాంటి ఊళ్లలో పెద్దల కట్టుబాటు పాతకాలంనుంచీ ఉంది. ఏ నీళ్లలో ఎవరు వేటాడాలి, ఊరుమ్మడి ఆదాయం ఎలా పంచాలి అన్నీ పెద్దలు అరుగు మీద కూర్చుని తేలుస్తారు. మాట తప్పితే జరిమానా, ముదిరితే వెలి. పట్నం నుంచి వచ్చినవాళ్లు కొందరు దీన్ని చూసి మురిసిపోతారు. ఉమ్మడి వనరులను జనమే బాగా కాపాడుకోగలరని చూపి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ పేరు చెబుతారు. ఆస్ట్రమ్ మాట నిజమే, కానీ నియమానికి లోబడేవాళ్లకు ఆ నియమాన్ని మార్చడంలో చోటుండాలని కూడా ఆవిడ చెప్పింది. ఈ అరుగు మీద ఆడవాళ్లు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. గంపలో చేపలు పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మేది వాళ్లే, ఇంట్లోకి డబ్బు తెచ్చేదీ వాళ్లే.

భోజనం చేసి బయలుదేరదాం. పొద్దు వాలకముందే చేరాలి.

సొసైటీ ఆఫీసు ఇదే. ఒక గది, ముందు వరండా, చాపలు. ప్రెసిడెంటు గారు, డైరెక్టర్లు నలుగురు, సెక్రటరీ, పొద్దున నీళ్లలో చూసిన సభ్యులు పదిమంది దాకా వచ్చారు. వరండా చివర స్తంభానికానుకుని ఇద్దరు ఆడవాళ్లు. నా పని తాడేపల్లిగూడెంలో చదువుకునే పిల్లలకు సంస్థల నిర్వహణ మీద పాఠాలు చెప్పడం. సెక్రటరీ పిలిస్తే వచ్చాను. మీరు గోడవారగా కూర్చోండి.

మొదట ఒక డైరెక్టరే అందుకున్నాడు. “మేమంటే చదువులేనోళ్లమండి. పెద్ద కంపెనీల్లో ఇలా ఉండదు కదండీ?”

ఇక్కడికి భీమవరం ఎంతో దూరం లేదు. ఆ వైపునుంచే వెళ్లి సత్యం కంప్యూటర్స్ కట్టినాయన రామలింగరాజు. ఆ కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ పశ్చిమ గోదావరి పల్లెల్లో మంచినీటి ప్లాంట్లు పెట్టింది. ఆ నీళ్లు తాగినవాళ్లు ఈ వరండాలోనే ఉండొచ్చు. 2008లో కంపెనీకి మంచి పాలన కలిగిన సంస్థగా గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. బోర్డులో హార్వర్డు ప్రొఫెసరున్నారు, పేరున్న బిజినెస్ స్కూలు డీన్ ఉన్నారు. 2009 జనవరి 7న రామలింగరాజే ఉత్తరం రాసి, బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. 2015లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఏడేళ్ల జైలు శిక్ష వేసింది, తర్వాత పైకోర్టు దాన్ని నిలిపివేసింది. నాయకత్వ సిద్ధాంతాలు తెలిసినవాళ్లకు ఆ బల్ల చుట్టూ కొదవ లేదు. ఆ సిద్ధాంతాన్ని ఆ రోజు తమ ముందున్న కాగితం మీదికి తిప్పుకోవడం వేరే పని. ఆ పని చదువుతో దానంతటది వచ్చెయ్యదు.

అందుకే ఇవాళ నేను పాఠం చెప్పను. కాగితాలు పంచాను చూడండి. మధ్యలో నిలువుగా ఒక గీత. ఇది ఆర్గిరిస్ తన తరగతుల్లో చేయించిన పనే. ఈ ఏడాది సొసైటీలో మీరు మాట్లాడిన ఒక కష్టమైన సంభాషణ గుర్తు తెచ్చుకోండి. కుడి గడిలో, పైకి ఎవరేమన్నారో రాయండి. ఎడమ గడిలో, ఆ క్షణంలో మీ మనసులో మెదిలి బయటికి రానిది రాయండి. రాయడం రానివాళ్లకు పక్కవాళ్లు రాసిపెడతారు, చెప్పడానికి మొహమాటమైతే ఖాళీగా వదిలేయండి.

చాలాసేపు ఎవరి పెన్నూ కదల్లేదు. తర్వాత సెక్రటరీ తలొంచుకుని రాయడం మొదలెట్టాడు. ముప్పై దాటని కుర్రాడు. అడిగితే తనే చదివాడు.

కుడి గడి: “ఈసారి కూడా లీజు పాతాయనకే ఇద్దామన్నారు పెద్దలు. సరేనండి అన్నాను. తీర్మానం రాశాను.”

ఎడమ గడి: “పక్క చెరువు పాటలో ఇంతకంటే బాగా ఎక్కువ పలికింది. నాకు తెలుసు. చెబితే ప్రెసిడెంటు మావయ్య నొచ్చుకుంటాడు. చెల్లి పెళ్లికి లీజుదారు దగ్గర మేం తీసుకున్న అప్పు ఇంకా ఉంది.”

వరండాలో ఎవరూ కదల్లేదు. ప్రెసిడెంటు గారి ముఖం చూడండి. కోపం ఉంది, దాని వెనక ఇంకేదో ఉంది. “నన్నొకసారి అడిగితే పోయేది కదరా?” అన్నారు చివరికి.

“అడిగితే ఏమనేవారండి?”

ఆయన జవాబివ్వలేదు. తన కాగితం తీసుకుని ఎడమ గడిలో రెండు లైన్లు రాసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. నేను చదవమనలేదు. పైన కూర్చున్నవాడు ఆ గడి నింపితే చాలు, దాన్ని అందరికీ చూపించమని బలవంతపెడితే అది విచారణ అయిపోతుంది.

సెక్రటరీ నావైపు తిరిగాడు. “నేను ఏలూరు సి.ఆర్. రెడ్డి కాలేజీలో బీకాం చేశానండి. ఆ రెడ్డిగారు 1930లో ప్రభుత్వ అణచివేతకి నిరసనగా ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ పదవి వదిలేశారని చెప్పేవారు. నేనూ మానెయ్యాలంటారా?”

ఇలాంటి ప్రశ్నకు బయటివాడు సలహా ఇవ్వడం తేలిక, జీతం పోయేది అడిగినవాడికి. నాకు తోచింది మాత్రం చెప్పాను. ఆ రెడ్డిగారి రాజీనామా రాష్ట్రమంతా విన్నది. నీ రాజీనామాను ఈ వరండా కూడా వినదు, రేపటికి ఇంకో సెక్రటరీ వస్తాడు, అదే తీర్మానం రాస్తాడు. నువ్వు ఉండి ఆ పాట ధర పైకి చదివితే వింటారు. మామయ్య మీద గౌరవం పోకుండా చదవొచ్చు. అప్పు సంగతి కూడా ముందే చెప్పి, లీజు తీర్మానం రోజు ఓటు వేయకుండా పక్కకు తప్పుకో.

ఇక్కడ రాబర్ట్ గ్రీన్‌లీఫ్ గుర్తొస్తాడు. ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీలో దాదాపు నలభై ఏళ్లు పనిచేసి, 1970లో సేవక నాయకత్వం మీద వ్యాసం రాసినవాడు. దాన్ని చాలామంది వినయం గురించిన మాటగా తీసుకుంటారు. మన రాజకీయాల్లో అయితే ‘ప్రజాసేవకుడు’ అని ఫ్లెక్సీకెక్కింది. ఆయన పెట్టిన పరీక్ష అంత మెత్తనిది కాదు. నువ్వు సేవ చేస్తున్నానంటున్న మనుషులు నీవల్ల మరింత తెలివిగా, స్వేచ్ఛగా, తమకాళ్ల మీద నిలబడేలా అవుతున్నారా? అందరికంటే కింద ఉన్న మనిషికి మేలు జరుగుతోందా, కనీసం ఉన్నది పోకుండా ఉందా? ఆ పరీక్ష ఈ సొసైటీకి పెట్టండి. నాలుగైదు దశాబ్దాల తర్వాత కూడా సభ్యుడు తరుగు ఎంత తీశారో అడగలేకపోతున్నాడు. అడగడం అతనికి నేర్పలేదు, అడిగినవాణ్ని మెచ్చుకున్న రోజూ లేదు. పండక్కి బట్టలు మాత్రం పంచారు. ఆ బట్టలు పంచిన మనిషి దయగలవాడే, నాకందులో అనుమానం లేదు. దయ ఉన్నచోట లెక్క అడగడం ఇంకా కష్టమవుతుంది, నాకు బాధ కలిగించేది అదే.

స్తంభం దగ్గరున్న ఆవిడ లేచి నిలబడింది. గొంతు గట్టిదే.

“మేష్టారూ, నాకు రాయడం రాదు. నా ఎడంపక్క మాట నోటితో చెబుతాను. మా ఆయన పోయి మూడేళ్లయింది. ఆయన సభ్యత్వం నా పేరుకి మార్చమని ఎన్నిసార్లు తిరిగానో ఈ బాబుకి తెలుసు. వాటా డబ్బులు మా మరిది తీసుకుంటన్నాడు. నాకిస్తే ఇస్తాడు, లేకపోతే లేదు. ఇంతమందిలో ఎవరన్నా ఒక్కరు నా తరఫున మాట్లాడారా అండీ?”

మరిది అక్కడే ఉన్నాడు. పొద్దున వల లాగినవాళ్లలో ముందున్నది అతనే, ఆ కూలికి వెళ్లి తడిసి వచ్చినవాడే. గట్టు మీదివాళ్లంతా దొంగలు, నీళ్లలోవాళ్లంతా బాధితులు అని పొద్దున మీకనిపించి ఉంటే, ఇప్పుడు ఇటు చూడండి.

“ఇంటి సంగతి ఇక్కడెందుకొదినా?” అన్నాడతను.

“సభ్యత్వం ఇంటి సంగతి కాదు,” అన్నది ప్రెసిడెంటు గారు. ఈ సాయంత్రం నేను ఊహించని మాట అది. “నామినీ పేరుందా లేదా చూడరా.”

సెక్రటరీ బీరువా తీశాడు. సభ్యుల రిజిస్టరు అట్ట చెదలు పట్టింది. పేజీలు తిప్పుతున్నాడు. నామినీ గడిలో భార్య పేరు ఉంది. చనిపోయినవాళ్ల పేర్లు ఇంకా చాలా ఉన్నాయి రిజిస్టర్లో, వాళ్లందరి తరఫునా ఎవరో ఒకరు ఏటేటా వేలిముద్ర వేస్తూనే ఉన్నారు.

అక్కణ్నుంచి మాటలు మారాయి. గట్టిగానే అరుచుకున్నారు, రెండుసార్లు ఒకరిద్దరు లేచి వెళ్లబోయారు. లీజు పాటకు పదిహేను రోజుల ముందు ఊళ్లో టముకు వేయించాలని ఒకరు, వారం చాలని ఒకరు. చెరువు కొట్టినరోజు కాటా దగ్గర సభ్యుల తరఫున ఒక మనిషి నిలబడాలని పొద్దున నీళ్లలో ఉన్న కుర్రాడు పట్టుబట్టాడు. ఆ మనిషికి ఆ రోజు కూలి ఎవరిస్తారన్న దగ్గర ఆగింది. సొసైటీయే ఇవ్వాలని తేలింది. రిజిస్టరు నెలలోగా సరిచేసి, మార్పులన్నీ సర్వసభ్య సమావేశంలో చదవాలన్నారు. జమాఖర్చు బోర్డు మీద రాసి పెడదామని ఒక డైరెక్టరు అంటే ఆవిడ మళ్లీ అందుకుంది.

“బోర్డు మీద రాస్తే నాకేం తెలుస్తుందండి? చదివి వినిపించండి. అర్థంకానిచోట ఆపుతాం.”

“ఎప్పుడు చదవమంటావమ్మా?”

“ఇప్పుడే చదవండి. అందరూ ఉన్నారుగా.”

సెక్రటరీ మావయ్య వైపు చూశాడు. ఆయన తలూపారు. పోయినేటి జమాఖర్చుల పుస్తకం తెరిచి, లైటు కిందికి జరుపుకుని, లీజు జమ దగ్గర మొదలెట్టాడు. మొదటి అంకె పూర్తిగా చదవకముందే ముగ్గురు ఆపమన్నారు.